మరిగే స్థానం చూసి ఆరే వేగం చెప్పలేం: ఐదు గాజు మూతల లెక్క

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. ఒకే సైజు పెట్రీ మూతలు (ల్యాబ్‌లో వాడే లోతు తక్కువ గాజు పళ్లేల మూతలు) ఐదు తీసుకుని, వాటిలో 5 మి.లీ. చొప్పున నీళ్లు, ఇథనాల్, అసిటోన్, టోలీన్, గ్లిజరిన్ పోశారు. బల్ల మీద వరసగా పెట్టి, పది నిమిషాలకోసారి తూకం వేశారు. అసిటోన్ అరగంటలోపే మాయమైంది. ఇథనాల్, టోలీన్ కాస్త అటూఇటుగా ఒకేసారి ఆరాయి. నీళ్లు మాత్రం గంటల తరబడి కూర్చున్నాయి. మీ సందేహాలు మూడు. టోలీన్ 110 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. మరి టోలీన్ ముందు ఎందుకు ఆరింది? ముసురు పట్టిన రోజు మళ్లీ చేస్తే నీళ్లకు దాదాపు రెట్టింపు టైమ్ పట్టింది, అసిటోన్‌కు ఏ తేడా లేదు, ఎందుకు? గ్లిజరిన్ మూత మర్నాటికి బరువు పెరిగింది, త్రాసు పాడైందా?

నేను ఇరవై ఏళ్లకు పైగా పెయింట్లు, వార్నిష్‌ల ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడ రోజువారీ గొడవంతా ఇదే: ఏ ద్రవం ఎంత సేపట్లో ఎగిరిపోతుంది, ఎందుకు ఎగిరిపోవట్లేదు, ఎందుకు అనుకున్న దానికంటే ముందే ఎగిరిపోయింది. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

తేలికైన దానితో మొదలుపెడతా. మీ త్రాసు బాగానే ఉంది. గ్లిజరిన్ ఎగిరిపోలేదు సరికదా, గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకుంది. గ్లిజరిన్ అణువుకు మూడు ఓహెచ్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) ఉంటాయి. వాటితో అది పక్క గ్లిజరిన్ అణువుల్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, దారిన పోయే నీటి అణువుల్నీ అంతే గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే, గ్లిజరిన్ తన మొత్తం బరువులో సుమారు ఐదోవంతు నీరు అయ్యేదాకా పీలుస్తూనే ఉంటుంది. చర్మానికి రాసుకునే క్రీముల్లో దాన్ని కలిపేది ఈ గుణం కోసమే. మీ మూతను అలాగే వారం రోజులు ఉంచి చూడండి: పొడి రోజుల్లో బరువు తగ్గుతుంది, తేమ రోజుల్లో పెరుగుతుంది. మీకు తెలియకుండానే ఒక తేమ మీటర్ తయారు చేశారు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా ఇలాగే చేస్తుంది, కానీ దాన్ని తెరిచి పెట్టి చూడమని నేను చచ్చినా చెప్పను.

గ్లిజరిన్ ఇంకో సంగతి కూడా చెబుతోంది. ద్రవానికీ గాలికీ మధ్య రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. మనం బాష్పీభవనం అనగానే పైకి పోయే అణువుల్నే ఊహించుకుంటాం, తిరిగొచ్చే వాటిని మర్చిపోతాం. అసలు కథంతా ఆ తిరిగొచ్చే వాటిలోనే ఉంది.

ఒక లెక్క చెబుతాను. 25 డిగ్రీల దగ్గర నీటి ఉపరితలం నుంచి అణువులు ఎంత జోరుగా బయటికి దూకుతాయంటే, వాటిలో ఒక్కటీ వెనక్కి రాకపోతే, నీరు చల్లబడకుండా కూడా ఉంటే, సిద్ధాంతం ప్రకారం ఒక చదరపు మీటరు నుంచి సెకనుకు మూడు కిలోలకు పైగా నీరు పోవాలి. అంటే నీటి మట్టం సెకనుకు 3 మి.మీ. చొప్పున దిగిపోవాలి. మీ మూతలో 5 మి.లీ. నీరు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు; అది రెప్పపాటులో ఖాళీ కావాలి. నిజంగా ఏం జరుగుతోంది? గాలి కదలని గదిలో మట్టం రోజుకు కొన్ని మిల్లీమీటర్లు తగ్గితే గొప్ప. ఈ రెండింటికీ తేడా యాభై అరవై వేల రెట్లు. బయటికి దూకిన అణువులు పైనున్న గాలి అణువులకు గుద్దుకుని, చాలావరకు మళ్లీ నీళ్లలోకే వచ్చి పడుతున్నాయి. యాభై వేలల్లో ఒకటో అరో తప్పించుకుంటోంది, అంతే.

కాబట్టి ద్రవం మూతలో ఆరే వేగాన్ని చాలావరకు నిర్ణయించేది ఆ ద్రవం పైన కదలకుండా పరుచుకుని ఉన్న కొన్ని మిల్లీమీటర్ల గాలి పొర. అణువులు ఆ పొరను దాటి బయటపడాలి. పొర అడుగున, అంటే ద్రవానికి ఆనుకుని, ఆవిరి ఎంత చిక్కగా ఉంది? పొర పైన, గదిలో, ఎంత పలచగా ఉంది? ఈ తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. 1802 ప్రాంతంలో జాన్ డాల్టన్ నీటి మీద ప్రయోగాలు చేసి పట్టుకున్న సూత్రం దాదాపు ఇదే: ఆవిరయ్యే వేగం, ఉపరితలం దగ్గరి ఆవిరి పీడనానికీ గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి పీడనానికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది, గాలి వీచే వేగం దాన్ని పెంచుతుంది. రెండు వందల ఏళ్లు దాటినా జలాశయాల నష్టాలు లెక్కగట్టేవాళ్లు ఇంకా ఈ సూత్రం చుట్టూనే తిరుగుతున్నారు.

ఇప్పుడు మీ ద్రవాల్ని ఈ కళ్లతో చూడండి. 25 డిగ్రీల దగ్గర సంతృప్త ఆవిరి పీడనాలు (ద్రవం పైన ఆవిరి ఇక చిక్కబడలేనంతగా నిండినప్పుడు అది చూపే పీడనం): నీరు 3.2 కిలోపాస్కల్, టోలీన్ 3.8, ఇథనాల్ 7.9, అసిటోన్ దాదాపు 31. అసిటోన్ ఎందుకు ముందు పోయిందో ఈ అంకెల్లోనే కనిపిస్తోంది. కానీ టోలీన్, నీరు పక్కపక్కనే ఉన్నాయి. ఇథనాల్ టోలీన్‌కు రెట్టింపు ఉంది. మరి అవి రెండూ ఒకేసారి ఎలా ఆరాయి?

పీడనం అనేది అణువుల సంఖ్యను చెబుతుంది. మీ త్రాసు చెప్పేది గ్రాములు. ఒక నీటి అణువు బరువు 18 అయితే ఇథనాల్ 46, అసిటోన్ 58, టోలీన్ 92. ఒక్క టోలీన్ అణువు తప్పించుకుంటే ఐదు నీటి అణువులు పోయినంత బరువు పోతుంది. అందుకే నేను పీడనాన్ని పక్కనపెట్టి వేరే అంకె వాడతాను: 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో ఆ ద్రవపు ఆవిరి గరిష్ఠంగా ఎన్ని గ్రాములు ఉండగలదు? నీరు 23 గ్రాములు. టోలీన్ సుమారు 140. ఇథనాల్ సుమారు 147. అసిటోన్ 720 దాకా. చూశారా, టోలీన్, ఇథనాల్ జంట ఎక్కడ కలిసిందో! మీ మూతలు రెండూ ఒకేసారి ఎందుకు ఆరాయో ఇక్కడే తేలిపోయింది. (గాలి ఆవిరిని 'మోయగలిగే శక్తి' అని పుస్తకాల్లో రాస్తుంటారు. గాలికి అందులో పాత్ర దాదాపు శూన్యం. ఆ చోటులో గాలి అసలు లేకపోయినా ఈ అంకెలు మారవు. మాట పాతుకుపోయింది కాబట్టి నేనూ అప్పుడప్పుడు వాడేస్తుంటాను.)

నీటికి ఒక్క అనుకూలత ఉంది. చిన్న, తేలికైన అణువు కాబట్టి గాలి పొర గుండా మిగతా వాటికంటే రెండు మూడు రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. కానీ 23కీ 140కీ ఉన్న తేడాను అది పూడ్చలేదు. పైగా గదిలో అప్పటికే నీటి ఆవిరి ఉంది. తేమ 50 శాతం అంటే నీటికి ఉన్న అవకాశం 23 గ్రాములు కాదు, పదకొండున్నరే. టోలీన్‌కు ఆ అడ్డంకి లేదు. మీ గది గాలిలో టోలీన్ ఉండదు, ఉండకూడదు కూడా.

సరే, మరిగే స్థానం సంగతి. మరిగే స్థానం అంటే ఆవిరి పీడనం వాతావరణ పీడనాన్ని అందుకునే ఉష్ణోగ్రత. ఒక్కో ద్రవానికి ఆవిరి పీడనం ఉష్ణోగ్రతతో పాటు ఒక వంపు గీతలా పెరుగుతుంది. మరిగే స్థానం ఆ గీత మీద పైన ఎక్కడో ఉన్న ఒక చుక్క. ఆ చుక్కను బట్టి కింద 25 డిగ్రీల దగ్గర గీత ఎక్కడుందో చెప్పాలంటే, అన్ని గీతలూ ఒకే వాలులో ఉండాలి. అలా ఉండవు. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాటిని విడదీయడానికి అణువుకు పట్టే శక్తి ఎక్కువ. అలాంటి ద్రవాల గీత నిటారుగా ఉంటుంది: చల్లగా ఉన్నప్పుడు పీడనం బాగా తక్కువ, వేడెక్కే కొద్దీ గబగబా పెరుగుతుంది. టోలీన్ గీత అంత నిటారు కాదు. ఈ రెండు గీతలు 50 డిగ్రీల దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అంతకు పైన నీటిదే పైచేయి, కింద టోలీన్‌ది. మీ గది 50 డిగ్రీలు లేదు కదా!

మా పరిశ్రమలో ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ ఒకటుంది. ద్రావణులు (పెయింటును కరిగించి పలచగా ఉంచే ద్రవాలు) ఆరే వేగానికి మేం కొలమానంగా పెట్టుకున్నది బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావణి. దాని వేగాన్ని 1 అనుకుని మిగతా వాటిని పోలుస్తాం. ఈ బ్యూటైల్ అసిటేట్ 126 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గది ఉష్ణోగ్రతలో దాని ఆవిరి పీడనం నీటిదాంట్లో సగమే. అయినా ఆ పట్టికలో నీటి వేగం 0.3 చుట్టుపక్కల ఉంటుంది. అంటే సగం పీడనంతో, 26 డిగ్రీలు ఎక్కువ మరిగే స్థానంతో కూడా బ్యూటైల్ అసిటేట్ నీటికంటే మూడు రెట్లు వేగంగా పోతుంది. అణువు బరువు 116 మరి. కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి వారం ఈ పట్టిక ఇచ్చి, మరిగే స్థానాల వరసలో సర్దమనేవాణ్ణి. సర్దలేక తలపట్టుకునేవాళ్లు.

అయితే మరిగే స్థానం పనికిరాదని అనుకోకండి. ఒకే కుటుంబంలో, అంటే మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్ లాంటి వాటిలో, అది చక్కగా వరస చెబుతుంది. వేరే కుటుంబాల్ని, ముఖ్యంగా నీటిని, దానితో పోల్చినప్పుడే బోల్తా పడతాం.

ఇక వేడి సంగతి. దీన్ని చాలామంది చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నా లెక్కలో సగం కథ ఇదే. ద్రవంలోంచి బాగా శక్తి ఉన్న అణువులే బయటికి దూకగలవు. అవి పోతే మిగిలిన ద్రవం చల్లబడుతుంది. చల్లబడితే ఆవిరి పీడనం పడిపోతుంది, వేగం తగ్గుతుంది. మళ్లీ వేగం పుంజుకోవాలంటే బయటినుంచి వేడి రావాలి. మీ 5 మి.లీ. పూర్తిగా ఆరడానికి ఎంత వేడి కావాలో చూడండి: నీటికి సుమారు 12 కిలోజౌళ్లు, ఇథనాల్‌కు 3.6, అసిటోన్‌కు 2.1, టోలీన్‌కు 1.8. నీటికి టోలీన్ కంటే ఆరేడు రెట్లు ఎక్కువ. గాలి, బల్ల కలిసి ఆ వేడిని మెల్లగా అందిస్తుంటే నీరు వాటికోసం కాచుకుని కూర్చుంటుంది.

గాలి 30 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి విసిరితే 22 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఎనిమిది డిగ్రీలు ఊరికే పోయాయి. అసిటోన్‌కు గ్రాముకు కావాల్సిన వేడి తక్కువే అయినా, అది పోయే తొందరలో వేడి వచ్చే దారి చాలదు. అందుకే వేలి మీద చుక్క పడితే చురుక్కుమని చల్లగా తగులుతుంది. దీన్ని ఎంత దూరం తీసుకెళ్లొచ్చో 1758లో కేంబ్రిడ్జ్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, జాన్ హాడ్లీ చూపించారు. థర్మామీటర్ బల్బును ఈథర్ అనే, చాలా త్వరగా ఎగిరిపోయే ద్రవంతో తడుపుతూ, తిత్తితో గాలి ఊదుతూ పోయారు. సుమారు 18 డిగ్రీల గదిలో థర్మామీటర్ మైనస్ 14 డిగ్రీల దాకా దిగింది, బల్బు చుట్టూ మంచు పేరుకుంది. ఆ మంచు ఈథర్‌ది అనుకునేరు, ఈథర్ అంత సులువుగా గడ్డకట్టదు. అది గాలిలోని తేమ వచ్చి కట్టిన మంచు.

ఆ తేమ సంగతి నాకు ఒకసారి బాగా తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెక్క మీద కొట్టే నైట్రోసెల్యులోజ్ లాకర్ (ద్రావణి పోయాక నైట్రోసెల్యులోజ్ గట్టి పొరగా మిగిలే పూత) ఒకదానికి థిన్నర్, అంటే పలచన చేసే ద్రవం, నేనే ఎంచాను. త్వరగా ఆరాలని అసిటోన్ పాలు ఎక్కువ వేశాను. పొడి రోజుల్లో అద్దంలా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. తేమ పెరిగాక అదే లాకర్ కొట్టిన పది నిమిషాలకు పూతంతా పాలు చల్లినట్టు తెల్లబారిపోయింది. లాకర్ పాడైందనుకుని రెండు డబ్బాలు పారబోయించాను కూడా. తప్పు నాదే. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల దగ్గరే మంచు బిందువు వచ్చేస్తుంది. అంటే పూత నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గాలిలోని నీరు దాని మీద కూర్చుంటుంది. అసిటోన్ అంత తొందరగా పోతుంటే నాలుగు డిగ్రీలు చల్లబడటం ఎంతసేపు? ఆ నీరు కలిసి నైట్రోసెల్యులోజ్ విరిగి తెల్లగా తేలింది. విరుగుడు ఏమిటంటే, మెల్లగా ఆరే ద్రావణి కొంచెం కలపడం. పూత అంతగా చల్లబడదు, నీరు కూర్చోదు. ఒకవేళ కూర్చున్నా, అది పోయేదాకా పూతను విరగకుండా పట్టి ఉంచే ద్రావణి ఒకటి మిగిలి ఉంటుంది. త్వరగా ఆరడం ఎప్పుడూ మంచిదే అన్న భ్రమ నాకు ఆ రోజుతో పోయింది.

దీంతో మీ ముసురు రోజు ప్రశ్నకు జవాబు దాదాపు వచ్చేసినట్టే. తేమ అడ్డుపడేది నీటి ఆవిరికి మాత్రమే. అసిటోన్ దృష్టిలో ముసురు రోజు గాలి కూడా ఖాళీ గాలే, అందులో అసిటోన్ లేదు కదా. నీటికి మాత్రం తేడా చాలా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర, తేమ 40 శాతం ఉన్న గాలిలో నీటికి దొరికే పీడన తేడా 1.4 కిలోపాస్కల్. 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న గాలిలో 0.85 మాత్రమే. పది డిగ్రీలు వేడిగా ఉన్నా రెండో రోజే బట్టలు ఆరవు. మామూలుగా ప్రతి పది డిగ్రీలకూ నీటి ఆవిరి పీడనం 1.7 నుంచి 1.8 రెట్లు పెరుగుతుంది: 20 దగ్గర 2.3 కిలోపాస్కల్, 30 దగ్గర 4.2, 40 దగ్గర 7.4. వేడి ఎంత సాయం చేస్తుందో, తేమ దాన్ని అంత సులువుగా మింగేస్తుంది.

ఇథనాల్ దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. మీ తూకాల్లో ఇథనాల్ చివరి భాగం బాగా నెమ్మదించి ఉంటుంది, ఒకసారి చూసుకోండి. ల్యాబ్‌లో మామూలుగా దొరికే ఇథనాల్‌లో నాలుగైదు శాతం నీరు ముందే ఉంటుంది. దానికితోడు ఆరుతూ చల్లబడిన ఇథనాల్ గాలిలోంచి ఇంకాస్త నీరు లాక్కుంటుంది. ఇథనాల్ పోయాక మూత అడుగున మిగిలే ఆ పలచని తడి చాలావరకు నీరే. మిశ్రమం ఏదైనా ఇంతే, తేలిగ్గా పోయేవి ముందు పోతాయి, మొండివి మిగులుతాయి, గీత వంగుతూ పోతుంది. తెరిచి ఉంచిన పెట్రోల్ కొన్నాళ్లకు ఇంజన్‌ను సరిగా స్టార్ట్ చేయలేకపోవడానికీ, సెంటు రాసుకున్న పది నిమిషాల వాసన, సాయంత్రం వాసన వేరుగా ఉండటానికీ కారణం ఇదే.

ఉప్పునీరు కూడా ప్రయత్నిస్తానన్నారు. సముద్రపు నీటిలో ఉప్పు 3.5 శాతం ఉన్నా ఆవిరి పీడనం తగ్గేది 2 శాతమే, మీ త్రాసుకు అది అందదు. కానీ ఆరుతున్న కొద్దీ ద్రావణం చిక్కబడుతుంది. పూర్తిగా ఉప్పుతో సంతృప్తమయ్యాక ఆవిరి పీడనం మంచినీటిదాంట్లో 75 శాతానికి పడిపోతుంది. అంటే గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పునీరు ఇక ఆరదు, గ్లిజరిన్ లాగే ఎదురు పీల్చుకుంటుంది. ముసురు రోజున శుద్ధమైన ఉప్పు చెమ్మగిల్లేది కూడా ఈ 75 దాటాకే.

గాలి వీచడం గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను: ఫ్యాన్ ఆ నిశ్చలమైన పొరను పలచన చేస్తుంది. కానీ గాలి వేగం రెట్టింపు చేస్తే ఆరే వేగం రెట్టింపు కాదు. చదునైన ఉపరితలం మీద సాఫీగా వీచే గాలి అయితే, దాన్ని నాలుగు రెట్లు చేస్తే ఆరే వేగం రెండు రెట్లు అవుతుంది. ఫ్యాన్ అసలు లేకపోవడానికీ చిన్నగా తిరగడానికీ ఉన్న తేడాయే పెద్దది.

పాత్ర ఆకారం మాత్రం చాలామంది అనుకునే దానికంటే ముఖ్యం. అదే నీటిని పరీక్షనాళికలో పోసి, మట్టం నాళిక మూతికి 10 సెం.మీ. కింద ఉండేలా పెట్టండి. ఇప్పుడు ఆవిరి దాటాల్సిన గాలి పొర కొన్ని మిల్లీమీటర్లు కాదు, పది సెంటీమీటర్లు. మట్టం రోజుకు పావు మిల్లీమీటరు తగ్గితే అదే ఎక్కువ. ద్రావణుల ఆవిరికి ఇంకో ఇబ్బంది ఉంది: అసిటోన్ ఆవిరి గాలికంటే రెండు రెట్లు బరువు, టోలీన్ ఆవిరి మూడు రెట్లు. అంచులున్న పాత్రలో అది పైకి లేవకుండా అడుగునే చెరువులా నిలుస్తుంది. నీటి ఆవిరి గాలికంటే తేలిక కాబట్టి దానికి ఆ సమస్య లేదు. మీ మూతల అంచు ఎత్తు తక్కువ కాబట్టి పెద్దగా తేడా రాలేదు, గ్లాసుల్లో చేసి ఉంటే ద్రావణులు ఇంకా వెనకబడేవి.

వైశాల్యం రెట్టింపు చేస్తే వేగం కచ్చితంగా రెట్టింపవుతుందని స్కూల్లో చెబుతారు. గాలి కదలనిచోట అది పూర్తి నిజం కాదు. అంచుల దగ్గర ఆవిరికి పక్కలకు కూడా దారి దొరుకుతుంది, మధ్యలో పైకి మాత్రమే. చిన్న చుక్కలో అంతా అంచే. 1918లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ చిన్న గోళాలు ఆవిరయ్యే తీరును విశ్లేషించి, వేగం ఉపరితల వైశాల్యాన్ని బట్టి కాక వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుందని చూపించాడు. దాని ఫలితం విచిత్రంగా ఉంటుంది: చుక్క వ్యాసం పదోవంతుకు తగ్గితే అది ఆరడానికి పట్టే సమయం వందోవంతుకు పడిపోతుంది. స్ప్రే చేసిన పెయింట్ తుంపర గోడను చేరేలోపే సగం ద్రావణిని పోగొట్టుకోగలగడం ఇందుకే.

నీటి మీద నూనె పొర వేస్తే ఆరదా అని చివర్లో అడిగారు. మందంగా వేస్తే ఆరదు, నిజమే. కానీ ఒక్క అణువు మందం ఉన్న పొర కూడా చాలు, సరైనది ఎంచుకుంటే. సీటైల్ ఆల్కహాల్ అనే మైనం లాంటి పదార్థం నీటి మీద అణువులు నిలువుగా, కిక్కిరిసి నిలబడిన పొరగా పరుచుకుంటుంది. నీటి అణువులు ఆ గుంపు మధ్యలోంచి దూరి రావడం కష్టం. 1950లలో ఆస్ట్రేలియాలో జలాశయాల మీద దీన్ని ప్రయత్నించారు. చిన్న తొట్లలో బాగా పనిచేసింది. పెద్ద చెరువుల్లో గాలి వీచి పొరను ఒక ఒడ్డుకు ఊడ్చేయడంతో అనుకున్నంత లాభం దక్కలేదు.

అవిసె నూనెను ఈ జాబితాలో చేర్చకండి. అది 'ఆరుతుంది' అంటాం కానీ ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ క్రమంలో బరువు పెరుగుతుంది. గ్లిజరిన్ చూశాక ఇది కూడా చూస్తే మీ త్రాసు మీద మీకు మళ్లీ అనుమానం వస్తుంది. పాదరసం కథ దీనికి తలకిందులు. అది ఆరుతున్నట్టు కంటికి కనపడదు, త్రాసుకూ తెలియదు. కానీ 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో 13, 14 మిల్లీగ్రాముల ఆవిరి చేరగలదు; పని చేసేచోట అనుమతించే పరిమితికి అది వందల రెట్లు. మెల్లగా ఆవిరవుతుంది కదా అని దాన్ని తెరిచి పెట్టకూడదు.

మళ్లీ చేసేటప్పుడు కొన్ని మార్పులు చేయండి. 5 మి.లీ. బదులు 4 గ్రాములు తూచి పోయండి. అసిటోన్, ఇథనాల్ సాంద్రత 0.79, నీటిది 1, కాబట్టి మి.లీ.లతో మొదలుపెడితే నీటికి ముందే ఎక్కువ బరువు ఇచ్చినట్టు. మూతలన్నీ ఒకే రకం అట్టముక్కల మీద పెట్టండి. ఒకటి లోహపు బల్ల మీద, ఒకటి చెక్క మీద ఉంటే కింది నుంచి వచ్చే వేడి మారి లెక్క తప్పుతుంది. అట్ట బదులు థర్మోకోల్ వాడకండి, అసిటోన్ ఒక్క చుక్క ఒలికినా దానికి బొక్క పడుతుంది, టోలీన్ కూడా అంతే. మూతల్ని పక్కపక్కన కాకుండా కనీసం అరమీటరు ఎడంగా ఉంచండి, లేకపోతే ఒకదాని ఆవిరి, ఒకదాని చల్లదనం పక్కదాని మీద పడతాయి. వీలైతే ద్రవంలో చిన్న థర్మామీటర్ కొన ముంచి ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ఏది ఎంత చల్లబడిందో చూశాక మీకు ఈ జవాబులో సగం అవసరం ఉండదు.

బరువును సమయంతో గీస్తే శుద్ధ ద్రవాలకు మొదటి కొన్ని నిమిషాల తర్వాత దాదాపు సరళరేఖ వస్తుంది. ఆ మొదటి నిమిషాలు చల్లబడటానికి పోయినవి. చివర్లో మూత అడుగు కనపడటం మొదలయ్యాక గీత మళ్లీ వంగుతుంది, తడిసిన వైశాల్యం తగ్గిపోతోంది కాబట్టి. వాలును మధ్య భాగంలోనే కొలవండి.

అసిటోన్, ఇథనాల్, టోలీన్ మూడూ అంటుకునేవే, వాటి బరువైన ఆవిరి బల్ల అంచు దాటి కిందికి జారి దూరంగా ఉన్న మంట దాకా పాకగలదు. అదే గదిలో స్టవ్, స్పిరిట్ దీపం వెలిగించకండి, కిటికీలు తీసి ఉంచండి. టోలీన్ మూతను మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ అరలో) పెట్టండి. హుడ్‌లో గాలి లాగుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది, అందుకని పోల్చాల్సిన మిగతా మూతల్నీ అందులోకే మార్చండి. మిగిలిన ద్రావణుల్ని సింకులో పోయకుండా మూత బిగిసే సీసాలో విడిగా పోగుచేసి ల్యాబ్ వాళ్లకు ఇచ్చేయండి.

కొత్త తూకాలు వచ్చాక, ఆ రోజు గది ఉష్ణోగ్రత, తేమ శాతం, మూత వ్యాసం కూడా రాసి ఇక్కడ పెట్టండి. నీటి గీతను లెక్కతో సరిచూసి చెబుతాను.